రైజెన్ + ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ: డెబియన్ 12 వేస్తే నడుస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. విండోస్ లేకుండా కొత్త డెస్క్‌టాప్ కట్టాలి. రాసుకున్న లిస్టు: ప్రాసెసర్ (సీపీయూ) రైజెన్ 5 7500ఎఫ్, బీ650 వైఫై మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, డీడీఆర్5 ర్యామ్ 16 జీబీ స్టిక్కులు నాలుగు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). మానిటర్ 4కె, 144 హెర్ట్జ్. లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12 వేద్దామని. ఎక్కడైనా తేడా కొడుతుందా?

జవాబు 1:
కొడుతుంది, డెబియన్ 12 దగ్గరే. దాని కెర్నల్ (హార్డ్‌వేర్ డ్రైవర్లుండే మూల భాగం) 6.1, మెసా (గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) 22.3. గ్రాఫిక్స్ కార్డేమో 2025లో వచ్చింది. తెర వెలుగుతుంది గానీ డ్రైవర్ కార్డును గుర్తుపట్టదు, గ్రాఫిక్స్ పనంతా సీపీయూ నెత్తిన పడుతుంది. డెబియన్ 13 వేయండి: కెర్నల్ 6.12, మెసా 25.0. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ (కార్డు చిప్‌లోకి ఎక్కే సాఫ్ట్‌వేర్) పాతదైతే అందులోనూ నల్ల తెరే మిగలొచ్చు. అప్పుడు ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో ‘e’ అక్షరం నొక్కి, లైనక్స్ (linux) అని మొదలయ్యే వరస చివర ‘నోమోడ్‌సెట్’ (nomodeset) చేర్చి ఎఫ్10 కొట్టండి. లోపలికెళ్లాక బ్యాక్‌పోర్ట్స్ (కొత్త వెర్షన్లు ఇచ్చే డెబియన్ విభాగం) నుంచి కెర్నల్, ఏఎమ్‌డీ ఫర్మ్‌వేర్ రెండూ ఎక్కించండి.

7500ఎఫ్ బదులు 7600 తీసుకోండి. 7500ఎఫ్‌లో గ్రాఫిక్స్ లేదు. 7600 అయితే కార్డు మొరాయించినా కేబుల్ బోర్డుకు గుచ్చి పని చూసుకోవచ్చు.

జవాబు 2:
బోర్డు పెట్టె మీద ‘వైఫై 6ఈ’ అని చూసి కొనేయకండి, చిప్ పేరు కావాలి. ఒకే మోడల్‌లో రివిజన్ మారితే చిప్పూ మారొచ్చు. మీడియాటెక్ 7922కి కెర్నల్ 5.16 చాలు, రియల్‌టెక్ 8852బీఈకి 6.2 ఉండాలి. విడిగా వైఫై కార్డు వేస్తే ఇంటెల్ ఏఎక్స్210 మంచిది. ఏఎక్స్211 వద్దు: దాని పనిలో కొంత ఇంటెల్ చిప్‌సెట్ చేయాలి, ఏఎమ్‌డీ బోర్డులో అది ఉండదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంకె చదివే తీసుకోండి.

జవాబు 3:
ర్యామ్ 32 జీబీ స్టిక్కులు రెండు పెట్టండి. ఈ ప్రాసెసర్‌కు ఏఎమ్‌డీ చెప్పే వేగం రెండు స్టిక్కులతో 5200 ఎంటీ/సె, నాలుగు పెడితే 3600. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్‌కు (బోర్డు ర్యామ్‌ను పరీక్షించి సర్దుకోవడానికి) కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, కంగారుపడి స్విచ్ ఆపొద్దు.

మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి 2024లో ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరమ్ ఒప్పుకోలేదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 4కెలో పూర్తి రంగులు కావాలంటే 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది, గ్రాఫిక్స్ కార్డు వాడకం 160 వాట్లే.

ప్రశ్న అడిగినవారు:
7600, రెండు స్టిక్కులు, డెబియన్ 13 అని లిస్టు మార్చాను. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆపాలా?

జవాబు 1:
అక్కర్లేదు. ఏఎమ్‌డీ డ్రైవర్ డెబియన్ సంతకం చేసిన కెర్నల్‌తోనే వస్తుంది. ఎన్విడియా డ్రైవర్ అయితే మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్క) మన దగ్గరే తయారవుతుంది కాబట్టి, దాని సంతకం కీని బూట్ సమయంలో ఎన్‌రోల్ (నమోదు) చేయాల్సి వచ్చేది.