భారత జనాభాలో స్త్రీల వాటా: 48.5 శాతమా, 50.5 శాతమా? గ్రాఫ్‌కి ఏ లెక్క తీసుకోవాలి?

ప్రశ్న (చుక్కలగీత):
1901 నుంచి ఇప్పటిదాకా దేశ జనాభాలో స్త్రీల శాతం ఎలా మారిందో చూపే గ్రాఫ్ ఒకటి డిగ్రీ క్లాసుకి గీయాలి. 2011 జనగణనలో వెయ్యిమంది మగవాళ్లకు 943 మంది ఆడవాళ్లు అని ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) 1020 అంటోంది. ప్రపంచ బ్యాంకు పట్టికలో నేరుగా శాతమే ఇచ్చారు. ఈ మూడింటినీ ఒకే గీతలో కలపొచ్చా? 943ని శాతంలోకి మార్చడం ఎలా?

జవాబు (అంకెల అటక):
ముందు మార్చడం సంగతి. 943 ÷ (1000 + 943) = 48.53 శాతం. చాలామంది 94.3 అని రాసేస్తారు, లేదా సగం చేసి 47.15 అంటారు. రెండూ తప్పే. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో నిష్పత్తి తిరగేసి ఉంటుంది, అంటే వందమంది స్త్రీలకు ఎందరు పురుషులని. అక్కడ 100 ÷ (100 + ఆ అంకె) చేయాలి.

జనగణన వరస ఇది:
1901: 972 (49.29 శాతం), 1911: 964, 1921: 955, 1931: 950, 1941: 945, 1951: 946 (48.61), 1961: 941, 1971: 930 (48.19), 1981: 934, 1991: 927 (48.11), 2001: 933 (48.27), 2011: 943 (48.53).

1991కి కొన్ని పట్టికల్లో 926 కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆ ఏడు జమ్మూ కశ్మీర్‌లో, 1981లో అస్సాంలో జనగణనే జరగలేదు, అక్కడివి అంచనా అంకెలు. 1901-41 అంకెలు ఇప్పటి భారత సరిహద్దులకు సవరించినవి. బ్రిటిష్ కాలపు అసలు సంపుటాలు తీస్తే వేరే అంకెలు తగులుతాయి, వాటిని ఈ వరసలో కలపకండి.

రాష్ట్రాల నిష్పత్తుల సగటు తీసి దేశం లెక్క కట్టడం మరో పొరపాటు. 2011లో కేరళ 1084, హర్యానా 879. సగటు 981 పైచిలుకు వస్తుంది. కానీ రెండు రాష్ట్రాల తలలు కలిపి చూస్తే స్త్రీలు 2.92 కోట్లు, పురుషులు 2.95 కోట్లు. అంటే 990. ఎప్పుడూ తలలు కూడాలి, నిష్పత్తులు కాదు.

జవాబు (ఇంటింటి సర్వే):
1020ని (శాతంలో 50.5) ఆ గీత మీద పెట్టొద్దండీ. అది ఇళ్లకు వెళ్లి చేసే నమూనా సర్వే. ముందురోజు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లనే అందులో లెక్కపెడతారు. హాస్టళ్లు, బ్యారక్‌లు, జైళ్లు దాని పరిధిలోకి రావు. పని కోసం ఊరు దాటి సైట్‌లోనే పడుకునే మేస్త్రీ, రాత్రంతా లారీ మీదుండే డ్రైవరు ఇంటి జాబితాలోంచి జారిపోతారు. వీళ్లలో ఎక్కువమంది మగవాళ్లే కదా.

ఇదే సర్వే పాత అంకెలు పక్కన పెట్టి చూడండి: 2005-06లో 1000, 2015-16లో 991, 2019-21లో 1020. మొదటిదానికి అటూ ఇటూ ఉన్న జనగణనలు 933, 943. నాలుగైదేళ్లలో 29 పాయింట్లు ఎగబాకడం జనాభాకు సాధ్యం కాని పని. జనగణనలో 930 నుంచి 943కి రావడానికే 40 ఏళ్లు పట్టింది.

ప్రపంచ బ్యాంకుది ఐక్యరాజ్యసమితి అంచనాల మీద ఆధారపడిన వరస. 2011 జనగణన మార్చి 1 నాటిది, అది జులై 1 నాటిది. లెక్కలో తప్పిపోయినవాళ్లను సర్దుతారు, కొత్త సవరణ వచ్చినప్పుడల్లా పాత సంవత్సరాల అంకెలూ మారిపోతాయి. దేశాలను పోల్చడానికి అది బాగుంటుంది. మీ గ్రాఫ్‌లో వాడితే మొత్తం అదే వాడండి, డౌన్‌లోడ్ చేసిన తేదీ కింద రాయండి.

జవాబు (అంకెల అటక):
ఇంకో మాట. నిలువు అక్షం సున్నా నుంచి పెడితే గీత బల్లపరుపుగా కనిపిస్తుంది. 48 నుంచి 50 వరకు పెడితే లోయలా దిగుతుంది. నా ఓటు రెండోదానికే, అయితే అక్షం తెంచినట్టు గుర్తు పెట్టాలి. 110 ఏళ్ల ఊగిసలాట అంతా 1.2 పాయింట్లలోపే, కానీ 121 కోట్లలో 0.1 శాతం అంటే 12 లక్షల మంది.

జవాబు (పుట్టుకల పట్టీ):
గ్రాఫ్ కింద "1991 తర్వాత పరిస్థితి మెరుగైంది" అని మాత్రం రాయకండి. 2001లో పురుషులు స్త్రీల కంటే 3.57 కోట్లు ఎక్కువ. 2011లోనూ ఆ తేడా 3.57 కోట్లే. జనాభా 18 కోట్లు పెరిగింది కాబట్టి అదే లోటు శాతంలో చిన్నదిగా కనిపిస్తోంది.

లోపల రెండు వ్యతిరేక కదలికలున్నాయి. ఒకటి ఆయుర్దాయం. 1970-75లో పురుషులకు 50.5 ఏళ్లు, స్త్రీలకు 49.0. 1981-85కి స్త్రీలు కాస్త ముందుకొచ్చారు (55.4, 55.7). 2016-20కి 68.6, 71.4. పెద్ద వయసులో స్త్రీలు మిగలడంతో మొత్తం వాటా పెరుగుతోంది. రెండోది కింది మెట్టు: 0-6 ఏళ్ల పిల్లల్లో 1991లో 945, 2001లో 927, 2011 తుది లెక్కలో 919 (తాత్కాలిక లెక్కలో 914). లింగనిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996 నుంచి అమల్లో ఉంది, అయినా పడిపోతూనే ఉంది. సహజంగా వందమంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు, అంటే వెయ్యికి 952. 919ని దానితో పోల్చాలి గాని 1000తో కాదు.

అందుకని రెండు గీతలు గీయండి: మొత్తం జనాభాది ఒకటి, 0-6 వయసుది ఒకటి. 1991 తర్వాత అవి కత్తెరలా విడిపోతాయి. క్లాసులో చూపాల్సింది ఆ కత్తెరే.

చుక్కలగీత:
ధన్యవాదాలు. మన దగ్గరా ఇలాగే ఉందా?

జవాబు (పుట్టుకల పట్టీ):
2001, 2011 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 978 నుంచి 993కి పెరిగింది, పిల్లల్లో 961 నుంచి 939కి పడింది. ఇక్కడా కత్తెరే. నిజామాబాద్ జిల్లా 1040 చూసి మురిసిపోకండి, గల్ఫ్‌కి వలస వెళ్లిన మగవాళ్లు ఆ లెక్కలో లేరు.

జవాబు (ఇంటింటి సర్వే):
2011లో లింగం రాసే చోట స్త్రీ, పురుషుడు కాక "ఇతరులు" అన్న కోడ్ మొదటిసారి వచ్చింది. ఆ 4.88 లక్షల మందిని ప్రచురించిన పట్టికల్లో పురుషుల గడిలోనే కలిపారు. తీసేసినా నిష్పత్తి ఒక్క పాయింటు కూడా మారదు, ఫుట్‌నోట్ మాత్రం వేయండి. 2011 తర్వాత గీత ఆపేయండి. తర్వాతి జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1, ఆ చుక్కకు చోటు ఖాళీగా ఉంచితే చాలు.