నలిగిపోయిన సీసాలను మిషన్ తీసుకునే మార్గం ఉందా?

డబ్లిన్‌లో ఉంటున్న మనవాళ్లు కాస్త చెప్పండి. ఐర్లాండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి ప్లాస్టిక్ సీసాలకు డిపాజిట్ కడుతున్నాం కదా, అర లీటరు దాకా 15 సెంట్లు, అంతకన్నా పెద్దవాటికి 25. ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్‌లోని మిషన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగి ఇచ్చే చీటీ వస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ, మన దగ్గర సీసాల మీద 'వాడాక నలిపేయండి' అని రాసుంటుంది కాబట్టి, నెల రోజులుగా దాచిన 40 సీసాలనూ కడిగి, నలిపి సంచిలో సర్దింది. సూపర్‌మార్కెట్‌లో మిషన్ ఒక్కటీ తీసుకోలేదు. వెనకాల జనం. అమ్మ ముఖం చిన్నబోయింది.

నోటితో ఊదితే కొన్ని ఉబ్బాయి గానీ బార్‌కోడ్ దగ్గర మడత పోవడం లేదు. గోరువెచ్చని నీళ్లు పోస్తే సర్దుకుంటాయా? ఎవరైనా చేసి చూశారా? డబ్బు కోసం కాదు, అమ్మ చేతులతోనే వేయించి ఆ చీటీ తీయించాలని. ఆదివారం ఆమె ప్రయాణం.