టూరింగ్ కార్ రేసులు: మూడో రేసులో గెలిచినవాణ్ని వెనక్కి నిలబెట్టడం న్యాయమేనా?

ప్రశ్న: రాయగడ ప్రేక్షకుడు

అందరికీ నమస్కారం. రాయగడలో మేము కొద్దిమందిమి బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌ను, అంటే రోడ్డు మీద తిరిగే మోడళ్లనే రేసుకు మలిచి నడిపే పోటీని, క్రమం తప్పకుండా చూస్తుంటాము. అక్కడి వేసవిలో మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా ఉంటుంది కాబట్టి, ఆదివారం మొదటి రేసు మనకు సాయంత్రం కాఫీ వేళకు మొదలవుతుంది, మూడోది ముగిసేసరికి రాత్రి భోజనాలు కూడా అయిపోతాయి. ఫార్ములా వన్ తప్ప మరొకటి చూడని మా బావగారు ఈ మధ్య మాతోపాటు కూర్చుని, మూడు రేసులూ ఓపికగా చూసి, చివర ఒక అభ్యంతరం లేవదీశారు. మొదటి రెండు రేసుల్లో కష్టపడి ముందుకొచ్చినవాణ్ని మూడో రేసులో వెనక్కి పంపి, ఎక్కడో తొమ్మిదో స్థానంలోనో పదో స్థానంలోనో వచ్చినవాణ్ని అందరికంటే ముందు నిలబెట్టడం ఏ న్యాయమని ఆయన ప్రశ్న. కొన్నేళ్ల క్రితం దాకా గెలిచినవాడి కారులో అదనపు బరువు కూడా పెట్టేవారని చెప్పేసరికి, గెలిచినందుకు జరిమానా వేసే పోటీని తాను పోటీగా లెక్కించనని తేల్చేశారు.

నేను ఏదో సర్దిచెప్పాను గాని, నాకే తృప్తి కలగలేదు. ఆ బరువు వల్ల నిజంగా ఎంత తేడా వస్తుంది? వరుస తిరగబడుతుందని ముందే తెలిసినప్పుడు డ్రైవర్లు కావాలని వెనకబడరా? వీటిపై తెలిసినవారు వివరించగలరు. వీలైతే ఒకసారి చెన్నై వెళ్లి మన దేశపు టూరింగ్ కార్లను చూడాలని కూడా ఉంది. దాని గురించి చెప్పినా సంతోషిస్తాను.

జవాబు: బరంపురం గ్యారేజీ

బరువు సంగతి నేను చెబుతాను, మిగిలినవి పెద్దలు చెబుతారు. బ్రిటిష్ పోటీలో 2021 దాకా ఈ పద్ధతి ఉండేది. చాంపియన్‌షిప్ పట్టికలో పైనున్నవారు క్వాలిఫయింగ్‌కూ (బయలుదేరే వరుసను తేల్చే పరుగు) మొదటి రేసుకూ బరువు మోసేవారు. ఆ తరువాత రెండో రేసుకు మొదటి రేసు ఫలితాన్ని బట్టి, మూడో రేసుకు రెండో రేసు ఫలితాన్ని బట్టి ఆ బరువు చేతులు మారేది. కొన్ని సీజన్లలో అందరికంటే పైవాడు మోసినది 75 కిలోలు. సుమారు 1300 కిలోల కారుకు ఇది ఒక మనిషిని అదనంగా ఎక్కించుకోవడమే కదా అనిపిస్తుంది. కాని లోడు లారీ మన కొరాపుట్ ఘాట్ దిగేటప్పుడు పక్కన నిలబడి బ్రేకుల వాసన చూసినవారికి, బరువు దెబ్బ మొదట తగిలేది ఇంజనుకు కాదని వేరే చెప్పనక్కరలేదు.

బరువు పెరిగినంతగా టైరు పట్టు పెరగదు. ఈ కిటుకంతా అక్కడే ఉంది. ఈ కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. తిప్పడమూ లాగడమూ ఆ ముందు టైర్ల పనే, బ్రేకు వేసినప్పుడు బరువంతా వాలేదీ వాటి మీదికే. పది ల్యాపుల దాకా తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. ఆ తరువాత ముందు టైర్లు వేడెక్కి, మలుపులో కారు లోపలికి తిరగకుండా బయటికి జారడం మొదలవుతుంది, డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు పెట్టడానికి ఒక క్షణం ఎక్కువ ఆగవలసి వస్తుంది. వెనక వస్తున్న తేలిక కారుకు ఆ క్షణం చాలు.

2022లో లోహపు బరువును తీసేసి హైబ్రిడ్ పద్ధతి తెచ్చారు. ల్యాపుకు గరిష్ఠంగా 15 సెకన్లపాటు విద్యుత్ మోటారు సాయం దొరికేది, పట్టికలో పైనున్నవారికి ఆ సమయం తగ్గించేవారు. 2025 నుంచి హైబ్రిడ్ కూడా పోయి, ఇంజనుకే కాసేపు అదనపు శక్తినిచ్చే టర్బో బూస్ట్ వచ్చింది. సాధనం మారిందే తప్ప, పైవాడికి తక్కువ ఇవ్వాలన్న ఆలోచన మాత్రం మారలేదు. నన్నడిగితే బరువే మేలు. అది కారు నడకలో కంటికి కనిపించేది, వాడు ఎందుకు వెనకబడుతున్నాడో చూసేవారికి తెలిసేది.

మరొక మాట. టీసీఆర్ అనే మరో రకం టూరింగ్ కార్ల పోటీల్లో వినిపించే ‘బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’ను దీనితో కలపకండి. అది ఒక డ్రైవరు గెలుపును బట్టి వేసేది కాదు. హోండా సివిక్, హ్యుందాయ్ ఎలాంట్రా, ఆడి ఆర్ఎస్3 వంటి వేర్వేరు మోడళ్లు ఒకదానికొకటి దగ్గరగా పరుగెత్తేలా మోడల్ మొత్తానికి బరువునూ నేల నుంచి ఎత్తునూ ఇంజను శక్తినీ సరిచేయడం.

జవాబు: జయపురం లెక్కల మాస్టారు

రాయగడ వారికి: మీ బావగారు ఒక్కొక్క రేసును విడిగా చూస్తున్నారు, టూరింగ్ కార్ల పోటీని మాత్రం వారాంతం మొత్తంగా చూడాలి. పాయింట్లు చూడండి. చాలా సీజన్లుగా బ్రిటిష్ పోటీలో మొదటి పదిహేను మందికి వరుసగా 20, 17, 15, 13, 11, 10, 9 అంటూ చివరివాడికి 1 దాకా ఇస్తూ వచ్చారు. వేగవంతమైన ల్యాపుకూ, ఒక ల్యాపైనా ముందున్నందుకూ ఇచ్చే అదనపు పాయింట్లను పక్కన పెడదాము. ఒకడు మొదటి రెండు రేసులూ గెలిచి, మూడో దాంట్లో తోపులాటలో చిక్కుకుని ఆగిపోయాడు: 40 పాయింట్లు. ఇంకొకడు ఏ రేసూ గెలవకుండా నాలుగు, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చాడు: 13, 15, 13 కలిపి 41. రెండోవాడే ముందుంటాడు. ఇదేమీ కాగితం మీది లెక్క కాదు. 2018లో కోలిన్ టర్కింగ్టన్ సీజన్ మొత్తంలో ఒక్క రేసు మాత్రమే గెలిచి చాంపియన్ అయ్యాడు.

కావాలని వెనకబడతారా అన్నది మంచి ప్రశ్న, ఎందుకంటే నియమం ఎలా రాస్తే డ్రైవరు అలా నడుస్తాడు. ప్రపంచ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ 2005లో మళ్లీ మొదలైనప్పుడు, మొదటి రేసులో తొలి ఎనిమిది మంది వరుసను తిప్పి రెండో రేసు గ్రిడ్, అంటే బయలుదేరే వరుస, తయారుచేసేవారు. అంటే ఎనిమిదో స్థానంలో వచ్చినవాడికి పోల్ పొజిషన్, అందరికంటే ముందు నిలిచే చోటు, ఖాయం. అప్పుడు ఏడో స్థానంలో ఉన్నవాడు ఆలోచనలో పడడా? తరువాత కొన్నేళ్లకు క్వాలిఫయింగ్‌లో తొలి పది మందిని తిప్పడం మొదలుపెట్టగానే ఆ బేరం క్వాలిఫయింగ్ జరిగే శనివారానికి మారింది. పదో స్థానం మీద కన్ను వేయడం అందరికీ తెలిసిన ఎత్తుగడ అయింది. క్వాలిఫయింగ్‌లో మొదటి ఐదుగురికి పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉంటే ఈ ఆశ కొంత తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు పదో స్థానం కోరుకునేవాడు చేతిలోని పాయింట్లు వదులుకోవాలి.

బ్రిటిష్ వారు దీనికి వేరే విరుగుడు పట్టారు. మూడో రేసు కోసం రెండో రేసు ఫలితంలో ఎంతమందిని తిప్పాలో ముందుగా చెప్పరు. రెండో రేసు ముగిశాక, పోడియం దగ్గర ఒక అంకె తీస్తారు. చాలాకాలం అది ఆరు నుంచి పది లోపల ఏదైనా కావచ్చు. ఎనిమిదో స్థానంలో వస్తున్నవాడు వెనక్కి జరిగితే లాభమో నష్టమో తెలియదు కనుక, ఉన్న స్థానం కాపాడుకోవడమే తెలివి. లెక్కల మనిషిగా నాకు ఈ నియమం అంటే ఒకింత ముచ్చట.

జవాబు: గుణుపురం

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు, కాని న్యాయం గురించి అడిగితే లెక్కతో జవాబిచ్చారు. బరువు విషయంలో బరంపురం గారితో ఏకీభవిస్తాను: ఈ వారం మీరు మోస్తారు, పై వారం నేను మోస్తాను, సీజన్ మొత్తంలో పంచుకున్నట్టే అవుతుంది. అంకె తీసి గ్రిడ్ నిర్ణయించడం మాత్రం వేరు. ఆరు వస్తే ఒకడికి పోల్, పది వస్తే అదే డ్రైవరు ఐదో స్థానం నుంచి బయలుదేరాలి. ఆ తేడాకు అతని నైపుణ్యంతో ఏ సంబంధమూ లేదు. ల్యాపు యాభై సెకన్లలోపే ముగిసే బ్రాండ్స్ హ్యాచ్ ఇండీ వంటి చిన్న ట్రాక్ మీద, దాటడానికి చోటు దొరకనప్పుడు, ముందు వరుస అంటే సగం గెలుపే.

టూరింగ్ కార్లకు ఈ హంగులు లేకపోతే చూసేవారుండరన్న వాదనా నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ రేసు చూడండి. మౌంట్ పనోరమా మీద 6.213 కిలోమీటర్ల ల్యాపు, 161 ల్యాపులు, వెయ్యి కిలోమీటర్లు. ఇద్దరు డ్రైవర్లు ఒకే కారును పంచుకుని దాదాపు రోజంతా నడుపుతారు. అక్కడ వరుస తిప్పేది ఎవరూ లేరు, అయినా ఆ రేసు కోసం ఒక దేశమంతా కూర్చుంటుంది.

మళ్లీ: జయపురం లెక్కల మాస్టారు

గుణుపురం గారూ, బాథర్స్ట్ ఏడాదికి ఒక్కసారి జరిగే పండుగ. పది వారాంతాల్లో ముప్పై రేసులు నడిపే పోటీకి దానిని కొలబద్దగా పెట్టడం సరికాదు. వరుస తిప్పడం వల్ల బాగుపడేది ఎవరో కూడా చూడాలి. కంపెనీ అండ లేని చిన్న జట్లు బ్రిటిష్ పోటీలో చాలా ఉన్నాయి, వాటికోసం ఇండిపెండెంట్స్ ట్రోఫీ అని విడిగా ఒకటుంది. మూడో రేసులో కాసేపైనా ముందు నడిచే చిన్న జట్టు కారు టీవీలో కనిపిస్తుంది, దాని మీద పేరు రాయించుకున్న వ్యాపారి వచ్చే ఏడాది కూడా డబ్బు పెడతాడు. ఇది న్యాయమని నేను అనడం లేదు, గ్రిడ్ నిండడానికి మాత్రం ఇదొక కారణం.

మళ్లీ: రాయగడ ప్రేక్షకుడు

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారి 40, 41 లెక్క బావగారికి చదివి వినిపించాను. ఆయన గుణుపురం వారి పక్షమే వహించారు గాని, వచ్చే ఆదివారం మొదటి రేసు నుంచే చూస్తానన్నారు. చెన్నై ప్రయాణం గురించి ఎవరైనా చెబుతారా?

జవాబు: పర్లాకిమిడి, ప్రస్తుతం చెన్నై

నేను ఇక్కడి రేసుల్లో జెండా పట్టుకునే మార్షల్‌గా స్వచ్ఛందంగా పనిచేస్తుంటాను కాబట్టి చెప్పగలను. మీరు విజయనగరం వచ్చి మెయిల్ లైనులో చెన్నై సెంట్రల్‌లో దిగండి. బరంపురం వారికి కోరమాండల్ నేరుగా ఉంది. ట్రాక్ ఊరికి పడమట, బెంగళూరు రహదారిలో శ్రీపెరంబుదూర్ రాకముందే ఇరుంగట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపే ఈ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. జాతీయ చాంపియన్‌షిప్ వారాంతంలో టూరింగ్ కార్లు ఒక్కటే ఉండవు. ఒంటి సీటు కార్ల ఫార్ములా ఎల్‌జీబీ 1300 వంటి తరగతులు మధ్య మధ్య వస్తాయి, అందువల్ల మీకు కావలసిన రేసు వేళలు ముందే కనుక్కోండి.

చూసేటప్పుడు కార్లనే కాక జెండాలనూ గమనించండి. పసుపు జెండా ఊపితే అక్కడ దాటకూడదు. నలుపు మీద నారింజ గుండ్రం చూపితే, ఆ కారులో ఏదో ఊడిందో కారుతోందో, పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు బాగుచేసే చోటు) రమ్మని అర్థం. నలుపు తెలుపు ఐమూలగా ఉన్నది నడవడి బాగోలేదన్న హెచ్చరిక. టూరింగ్ కార్లలో తలుపులు రాసుకోవడం మామూలే గాని, వెనక నుంచి తోసి స్థానం సంపాదించినవాడిని స్టీవార్డులు, అంటే తప్పొప్పులు తేల్చే అధికారులు, పిలిపిస్తారు, అందాకా ఫలితాలు తాత్కాలికమే.

రేసు అయిపోగానే లేచి వెళ్లిపోకండి. రేసు ముగింపు చూపే నలుపు తెలుపు గళ్ల జెండా పడ్డాక, నెమ్మదిగా తిరిగి వచ్చే ల్యాపులో కొందరు డ్రైవర్లు మామూలు దారి వదిలి ట్రాక్ అంచున నడుపుతారు. అక్కడ రాలిన రబ్బరు ముక్కలు వేడి టైర్లకు అంటుకుంటే, తూకంలో కారు కనీస బరువుకు తక్కువ పడకుండా ఒకటి రెండు కిలోలు కలిసొస్తాయని వారి ఆశ. ఆ కార్లను ఎవరూ ముట్టుకోకుండా పార్క్ ఫెర్మేలో నిలిపి, ఒక్కొక్కదాన్నీ తూకం పలకల మీదికి తోస్తారు. బావగారిని శనివారం ఉదయానికే తీసుకురండి. క్వాలిఫయింగ్ నాడు జనం తక్కువ, ఎండ మాత్రం తక్కువ కాదు, టోపీ మరిచిపోవద్దు.