ఇందిరాగాంధీ పోయిన రోజు మీకు నిజంగానే గుర్తుందా?

తెనాలి మాస్టారు
1984 అక్టోబర్ 31, బుధవారం. ఎనిమిదో క్లాసు, తెనాలి. పదకొండు దాటాక లాంగ్ బెల్ కొట్టారు. హెడ్‌మాస్టారు వరండాలో నిలబడి "ఇందిరాగాంధీ గారు ఇక లేరు, రేడియోలో చెప్పారు" అని కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. నా జేబులో పెన్ను కక్కి చొక్కా మీద అరచేయంత సిరా మరక. మామూలుగా అయితే వీపు పగిలేది, ఆ రోజు మా అమ్మ మరక చూసి కూడా ఏమీ అనలేదు. ఇదంతా మావాడికి చెబితే "టీవీలో చూసింది కలిపేసుకున్నావు నాన్నా" అంటాడు. ఇంత స్పష్టంగా గుర్తున్నది అబద్ధమవుతుందా? మీరే చెప్పండి.

బెజవాడ బుల్లోడు
మా బజారంతా టపటపా షట్టర్లు దించేశారు. నాకు గుర్తున్నది అంతే.

శ్రీకర్
మాస్టారూ, కోప్పడకండి. కాల్పులు జరిగింది ఉదయం 9 దాటాక. చనిపోయారని ఎయిమ్స్ డాక్టర్లు ప్రకటించింది మధ్యాహ్నం 2 దాటాక. ఆకాశవాణి ఆ మాట చెప్పింది సాయంత్రం. మరి 11 గంటలకు మీ హెడ్‌మాస్టారికి ఏ రేడియో చెప్పింది?

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడే అమెరికాలో నైసర్ అనే సైకాలజిస్టు, వార్త ఎక్కడ విన్నారో విద్యార్థుల చేత రాయించి దాచాడు. రెండేళ్లు దాటాక మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. వాళ్ల చేతిరాత చూపించినా పాత సంగతి గుర్తుకు రాలేదు. ఆ నైసర్‌కే 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి వార్త రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ వింటుంటే తెలిసినట్టు గుర్తు. డిసెంబర్ చలిలో బేస్‌బాల్ ఎవరాడతారు?

తెనాలి మాస్టారు
బీబీసీ. మా హెడ్‌మాస్టారు రోజూ బీబీసీ వినేవారు. బెంగాల్‌లో ఉన్న రాజీవ్ గాంధీయే ట్రాన్సిస్టర్‌లో బీబీసీ పెట్టుకుని విన్నాడు, మా హెడ్‌మాస్టారు వినకూడదా?

శ్రీకర్
వినొచ్చు. కానీ 11కి తెలిసేది కాల్చారని. "ఇక లేరు" అని కాదు.

తెనాలి మాస్టారు
అన్ని తూటాలు తగిలాక ఎవరైనా ఏమనుకుంటారు బాబూ? నువ్వు అప్పటికి పుట్టావా అసలు?

గోదారి గట్టు
పుట్టకపోతే మాట్లాడకూడదా? కురుక్షేత్రం గురించి అందరం మాట్లాడట్లేదా 😄

ఢిల్లీ రిటర్న్
నేనప్పుడు ఢిల్లీలో చిన్న ఉద్యోగం చేసేవాణ్ని. యమున అవతల అద్దె గది. మర్నాడు నవంబర్ 1న మా వీధి చివర టైర్లు కాలిన వాసన. కింద వాటాలో ఉండే సర్దార్జీ మా గదికొచ్చి, అద్దం అడిగి, తన జుట్టు తనే కత్తిరించుకున్నాడు. కత్తెర మొండిది. తెగక లాగుతుంటే నేను పట్టుకున్నాను. ఇది జరిగింది ఉదయమా, సాయంత్రమా అంటే చెప్పలేను. చెప్పలేను కాబట్టి జరగలేదంటారా శ్రీకర్ గారూ? ఆ సిక్కుల ఊచకోత కేసులో అప్పటి కాంగ్రెస్ నాయకుడు సజ్జన్ కుమార్‌ను 2013లో కింది కోర్టు వదిలేసింది. 2018 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది, 34 ఏళ్ల తర్వాత, కళ్లతో చూసిన సాక్షుల్ని నమ్మి.

శ్రీకర్
మీరు కళ్లతో చూశారు. మాస్టారు వార్త విన్నారు. రెండూ ఒకటి కాదు.

తెనాలి మాస్టారు
అంటే మాది బాధ కాదా? ఢిల్లీలో ఉన్నవాళ్లకే ఏడ్చే హక్కు ఉందా? రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు తెలుసా! ఏదో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదివేసి పెద్దవాళ్లను అబద్ధాలకోరులంటే ఎలా?

శ్రీకర్
ఆ మాట నేనెక్కడన్నాను? పైకి స్క్రోల్ చేసి చూపించండి.

దివిసీమ లక్ష్మి
నిన్నటి నుంచీ చదువుతున్నా. ఒక మాట చెప్పి పోతాను. 1977 నవంబర్ 19, ఉప్పెన. ఏటా ఆ తేదీకి పేపరు తెరిస్తే ఇందిరమ్మ జయంతి ప్రకటనలు. ఆవిడ పుట్టినరోజు కూడా అదే మరి. మావాళ్ల సంగతి జిల్లా పేజీలో ఏ మూలో ఉంటుంది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టారని అందరికీ గుర్తే, ఎవరి కోసం పట్టారో ఎవరికీ పట్టదు.

మా నాన్న శవం దొరకలేదు. ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు, ఎవరు చూశారని ఆఫీసులో మా అమ్మను అడిగారు. ఒకసారి తాటిచెట్టు అంది, ఇంకోసారి తుమ్మచెట్టు అంది. తేడా వచ్చిందని కాగితం వెనక్కిచ్చారు. చీకట్లో, మెడలోతు నీళ్లల్లో ఏ చెట్టో ఎలా తెలుస్తుంది తమ్ముడూ? శ్రీకర్ అడిగినట్టే అడిగారు వాళ్లూ. మాస్టారి హెడ్‌మాస్టారు 11కి చెప్పినా 2కి చెప్పినా మాస్టారికి పోయేదేం లేదు. మాకు ఆ తేడాతో పరిహారం డబ్బులు ఆగిపోయాయి.

బెజవాడ బుల్లోడు
🙏

శ్రీకర్
అక్కా, మీ అమ్మగార్ని అలా అడగడం దుర్మార్గం. కానీ నేను చెప్పేదీ అదే కదా. జ్ఞాపకంలో చెట్టు మారుతుంది, మనిషి పోయిన సంగతి మారదు. ఆ గుమాస్తాకు ఈ ముక్క తెలిస్తే కాగితం వెనక్కిచ్చేవాడు కాదు.

దివిసీమ లక్ష్మి
తెలిసినా వెనక్కిచ్చేవాడే. మాస్టారూ, ఎనభై నాలుగులో ఎనిమిది అంటే డెబ్భై ఏడులో మీరు ఒకటో క్లాసు. తెనాలి మాకు ఎంతో దూరం కాదు. ఉప్పెన రోజు మీరెక్కడున్నారు?

తెనాలి మాస్టారు
చిన్నవాణ్ని అమ్మా. గాలికి పెంకులు లేచిపోయాయని ఇంట్లో అంటుండేవారు. అయినా ఈ చర్చ ఇందిరాగాంధీ గారి గురించి.

గోదారి గట్టు
ఆవిడ అంటున్నదీ అదే మాస్టారూ.

శ్రీకర్
ఆ 11 గంటల సంగతి మాత్రం ఇంకా తేలలేదు.