తాటాకు మీద బొమ్మ గీస్తుంటే ఆకు చీలిపోతోంది, ఏం చేయాలి?

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఖాళీ దొరికితే కాగితం కానిదాని మీద గీయడం నాకు ఇష్టం. వక్కపట్ట పళ్లెం, కొబ్బరి చిప్ప, పాత పెంకు అన్నీ అయ్యాయి. ఆరు నెలలుగా మనసంతా తాటాకు మీదే ఉంది.

లేత ఆకులు తెచ్చి, ఈనెలు తీసేసి, పసుపు కలిపిన నీళ్లలో గంటసేపు ఉడికించి, వారం రోజులు నీడలో ఆరబెట్టాను. తాటాకు మీద రాసే ఇనుప కలం, గంటం, దొరకలేదు; దబ్బనం మొన సానపట్టి వాడుతున్నాను. గీశాక నూనెలో కలిపిన దీపపు మసి రాసి గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. అప్పటిదాకా కనిపించని బొమ్మ ఒక్కసారిగా పైకి తేలుతుంది. ఆ క్షణం కోసం ఎన్ని ఆకులైనా పాడుచేయగలను.

వంపు గీతలు చక్కగా వస్తున్నాయి. నార వెంబడి నిడుపుగా లాగిన గీత దగ్గరే ఆకు చీలుతోంది. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి తాటాకే కారణమని చెప్పే మాట ఇప్పుడు నా వేళ్లకు అర్థమైంది. కానీ నా బొమ్మలో గోదావరి ఉంది, పడవ ఉంది. నిడుపు గీత లేకుండా నీటిని ఎలా చూపాలి?

ఇంకా ఎక్కువసేపు ఉడికించాలా? తాటాకు కన్నా పలచగా, మెత్తగా ఉండే శ్రీతాళపత్రం ఎక్కడైనా దొరుకుతుందా? పాత ప్రతులకు రాసే నిమ్మగడ్డి నూనెను గీయకముందే పట్టించవచ్చా? ఒడిశాలోని రఘురాజ్‌పూర్‌లో ఈ పని నేర్చుకున్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి గంటం పట్టే కోణం గురించి కూడా చెప్పండి.