“టెక్సాస్ లీగర్”ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: మాస్టారూ, మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడి బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ మ్యాచ్‌లో ఒక దెబ్బ చూసి పక్క సీటాయన “టెక్సాస్ లీగర్!” అన్నాడు. బంతి సరిగ్గా తగలనే లేదు. లోపలి ఫీల్డర్ల తలల మీదుగా లేచి, వెనకవాళ్లు పరిగెత్తుకొచ్చేలోగా మధ్య ఖాళీలో పడింది. దీన్ని “గాలివాటం దెబ్బ” అనొచ్చా?

జవాబు: అర్థం వరకూ చక్కగా సరిపోయిందండీ. మెక్సికో గల్ఫ్ నుంచి వీచే గాలికి టెక్సాస్ మైదానాల్లో బంతులు అలా పడేవనీ, పేరు అందుకే వచ్చిందనీ చెప్పేవాళ్లున్నారు. ఇంకో కథలో ఆలీ పికరింగ్ అనే ఆటగాడు టెక్సాస్‌లో వరసగా ఏడు ఇలాంటి దెబ్బలే కొట్టాడట. ఏడూ ఏడే! ఇలాంటి లెక్కలు మన చాటుపద్యాల కథల్లో బోలెడు చూశాం కాబట్టి నేను పెద్దగా నమ్మను. టెక్సాస్ నుంచి ఉత్తరాది జట్లకు వెళ్లిన కుర్రాళ్లను అక్కడివాళ్లు “మీ ఊళ్లో ఇదేనా ఆట” అని వెక్కిరించడంలో ఈ మాట పుట్టి ఉంటుందని నాకు అనిపిస్తుంది. “గాలివాటం”లో ఆ వెటకారం రాదు.

అసలు ఈ మాటలో ఉన్న టెక్సాస్ లీగ్‌ని, అంటే పెద్ద జట్ల కింద నడిచే ఈ చిన్న లీగ్‌ని, అంత తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. 1888లో హ్యూస్టన్, డాలస్, ఫోర్ట్‌వర్త్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో, గాల్వెస్టన్ జట్లతో మొదలైంది. మధ్యలో కొన్నిసార్లు ఆగింది, రెండో ప్రపంచ యుద్ధంలో 1943 నుంచి 45 దాకా పూర్తిగా మూతపడింది. 1902 జూన్ 15న కోర్సికానా జట్టు టెక్సర్కానాను 51-3తో ఓడించింది. ఆదివారం సొంత ఊళ్లో ఆట నిషిద్ధం కావడంతో ఎన్నిస్ అనే ఊరి చిన్న మైదానానికి వెళ్లి ఆడారు. కంచె మరీ దగ్గర. క్లార్క్ అనే కుర్రాడు ఒక్కడే ఎనిమిది హోమ్ రన్‌లు (కంచె దాటే దెబ్బలు) కొట్టాడు. గాలివాటమంటే ఈ స్కోరును అనాలి!

1920 నుంచి 25 దాకా ఫోర్ట్‌వర్త్ జట్టు వరసగా ఆరేళ్లు లీగ్ గెలిచింది. 1952లో డేవ్ హాస్కిన్స్ డాలస్ తరఫున ఈ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. బెదిరింపుల మధ్య ఆడి, ఆ ఒక్క సీజన్‌లోనే 22 మ్యాచ్‌లు గెలిపించాడు.

ప్రశ్న: మరి ఈ లీగ్ జట్లని “ఫార్మ్ టీమ్” అంటారేం? పొలం జట్టా?

జవాబు: పొలం కాదండీ, “నారుమడి” అనండి. అక్కడ పెంచి, ఎదిగాక పెద్ద మడిలోకి మార్చి నాటడమేగా పని. సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే పెద్ద లీగ్ జట్టు కోసం దాని నిర్వాహకుడు బ్రాంచ్ రిక్కీ ఈ పద్ధతిని పెంచి పోషించాడు. 1920ల్లో హ్యూస్టన్ జట్టు వాళ్ల చేతిలోకి వచ్చింది. డిజ్జీ డీన్ 1931లో హ్యూస్టన్‌కి 26 మ్యాచ్‌లు గెలిపించి, మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్‌కి వెళ్లిపోయాడు. 1934లో అక్కడ 30 గెలిచాడు. హ్యూస్టన్ జనానికి మిగిలింది కొత్త నారు! మంచి ఆటగాడు సీజన్ మధ్యలోనే పైకి వెళ్లిపోతే సొంత ఊరి అభిమానికి సంతోషించాలో ఏడవాలో తెలియదు. మీ రఫ్‌రైడర్స్ కూడా టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద లీగ్ జట్టుకి నారుమడే, 2003 నుంచి.

ప్రశ్న: అయితే “టెక్సాస్ లీగర్”కి మీరేమంటారు?

జవాబు: అలాగే ఉంచేస్తాను. అర్థం అడిగినవాళ్లకు గాలివాటం దెబ్బ అని చెప్తాను. 2021లో మేజర్ లీగ్ వాళ్లు చిన్న లీగ్‌లన్నిటినీ తిరగరాసి, టెక్సాస్ లీగ్‌కి “డబుల్-ఏ సెంట్రల్” అని పేరు పెట్టారు. ఆఫీసు ఫైలు పేరులా లేదూ? మరుసటి ఏడాదికే పాత పేరు తిరిగొచ్చింది. ఆ ఒక్క సీజన్‌లో అలా పడిన దెబ్బల్ని “డబుల్-ఏ సెంట్రలర్” అని ఎవరూ అని ఉండరు లెండి.