1965 ఎంజీబీ ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది: అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా?

చెన్నై_రోడ్‌స్టర్
అందరికీ నమస్కారం. మాది 1965 ఎంజీబీ, ఇంగ్లండ్ పాత స్పోర్ట్స్ కారు, 1798 సీసీ. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది), బ్యాటరీని ఛార్జి చేసేది ఇప్పటికీ డైనమోయే. తెల్లవారుజామున ఈసీఆర్ (సముద్ర తీరం రోడ్డు) మీద మహాబలిపురం వెళ్లొస్తే టెంపరేచర్ ముల్లు కదలదు. అదే దారిలో మధ్యాహ్నం వస్తే మెల్లగా పైకి పాకుతుంది. ఇక సైదాపేట దాటి మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో పడితే చెప్పక్కర్లేదు, బానెట్ ఎత్తి పక్కన నిలబడాల్సిందే. పెద్ద అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, 15 పీఎస్‌ఐ ప్రెషర్ తట్టుకునే రేడియేటర్ మూత మూడూ వేసేద్దాం అంటున్నాడు మేస్త్రీ. ఒరిజినల్ ఇత్తడి రేడియేటర్ తీసేస్తే కారు విలువ పోతుందని తెలిసిన పెద్దాయన ఒకరు గట్టిగా వారిస్తున్నారు. ఏం చేయమంటారు?

రోజూ_నడిపేవాణ్ణి
పెట్టించెయ్యండి అన్నా. ఇంగ్లండ్ చలిలో తయారైన బండిని రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు తెచ్చి, ఏమీ మార్చకూడదంటే ఎలా? కంపెనీ వాళ్లే మార్చారు. 1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8కి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయి. 1977 మోడల్ నుంచి నాలుగు సిలిండర్ల బండికీ ఎలక్ట్రిక్ ఫ్యానే, రేడియేటర్‌నూ ముందుకు జరిపారు. వాళ్లకు లేని పట్టింపు మనకెందుకు? షెడ్డులో కవరు కప్పి ఉంచే కారుకు విలువ ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

పాత_ఇత్తడి
విలువ సంగతి పక్కన పెడదాం. కొనే ముందు జబ్బేమిటో తేలాలి. చెన్నై_రోడ్‌స్టర్ గారూ, మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు.

ట్రాఫిక్‌లో వేడెక్కడం గాలి ఆడకపోవడం వల్ల. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) నెమ్మదిస్తుంది, రేడియేటర్ ఎంత పెద్దదైనా దాని గుండా గాలి పోకపోతే లాభం లేదు. మధ్యాహ్నం హైవే మీద ఎక్కడం అలా కాదు. అక్కడ గాలి కావలసినంత ఉంది. అయినా ఎక్కుతోందంటే నీళ్ల దారి ఎక్కడో మూసుకుపోయి ఉండాలి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడినా, పెట్రోల్-గాలి మిక్స్చర్ పలచబడినా అంతే. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ మిక్స్చర్‌ను ఇంకాస్త పలచన చేస్తుంది, ఎస్‌యూ కార్బురేటర్లను దానికి తగ్గట్టు సరిచేయించారా?

ఇంజిన్ బ్లాక్ వెనక భాగంలో నీళ్లు వదిలే డ్రెయిన్ ట్యాప్ ఒకటి ఉంటుంది. చాలామంది రేడియేటర్ ఒక్కటే ఖాళీ చేసి దాన్ని ముట్టుకోరు. ఇంజిన్ చల్లబడ్డాక విప్పి చూడండి. నీళ్లు రాకపోతే ట్యాప్ పూర్తిగా ఊడదీసి సన్నటి తీగ పెట్టి కదపండి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఇనప బ్లాక్‌లో తుప్పు, సున్నం కలిసి నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుని ఉంటాయి. దాని ముందు కొత్త రేడియేటర్ పెడితే ఆ మడ్డి కదిలి కొత్త గొట్టాల్లోకే చేరుతుంది.

15 పీఎస్‌ఐ మూత మాత్రం వద్దే వద్దు. 10 పీఎస్‌ఐ మూతతోనే నీళ్లు సుమారు 115 డిగ్రీల దాకా మరగవు. ప్రెషర్ పెంచినంత మాత్రాన వేడి తగ్గదు, మరగడం వాయిదా పడుతుంది, అంతే. ఆ బలమంతా పాత టంకం అతుకుల మీద, హీటర్ కోర్ మీద పడుతుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేయమని కూడా ఎవరో ఒకరు అంటారు, వినకండి. బండి మరిగే వేడికి 82 డిగ్రీల థర్మోస్టాట్ ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. అది లేకపోతే పొద్దున పూట ఇంజిన్ వేడెక్కక అరిగిపోతుంది.

రోజూ_నడిపేవాణ్ణి
మడ్డి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇత్తడి ట్యాంకు విప్పి, గొట్టాల్లో కడ్డీ ఆడించి, మళ్లీ నీటుగా టంకం వేసే పనివాళ్లు పుదుపేటలోనే వెతుక్కోవాలి. అల్యూమినియందైతే బోల్టులు బిగిస్తే అయిపోయింది. పాతది అటక మీద దాచుకుంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి పెట్టుకోవచ్చు.

పాత_ఇత్తడి
ఇనప బ్లాక్ పక్కన అల్యూమినియం పెడితే డిస్టిల్డ్ వాటర్‌లో మంచి కూలెంట్ కలిపి, గడువు తప్పకుండా మార్చాలి. దారిలో తక్కువైందని ఒక్కసారి బోరు నీళ్లు పోసి అలాగే వదిలేస్తే లోపలి నుంచి తినేస్తుంది. ఇత్తడి ఆ నిర్లక్ష్యాన్ని చాలాకాలం ఓర్చుకుంటుంది. మన దగ్గర బండి ఎన్ని చేతులు మారుతుందో తెలిసే చెబుతున్నాను.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
బెంగళూరు నుంచి. ఇక్కడ ఎండ తక్కువ, ట్రాఫిక్ ఎక్కువ, కాబట్టి నా ఓటు ఫ్యాన్‌కే. ఒక్క జాగ్రత్త: మీది పాజిటివ్ ఎర్త్. కొత్త ఫ్యాన్ల ఎర్ర వైరు బ్యాటరీ వైపు, నల్లది బాడీకి అని అలవాటుగా కలిపేస్తే మోటార్ ఉల్టా తిరుగుతుంది. మా స్నేహితుడి బండికి ఒక గ్యారేజీలో అలాగే చేసిచ్చారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బండి మరుగుతూనే ఉంది. బండి నిలిపి ఉంచి, రేడియేటర్ ముందు ఒక కాగితం ముక్క పెట్టి చూడండి. అతుక్కుంటే గాలి సరిగ్గా లాగుతున్నట్టు, ఎగిరిపోతే వైర్లు తారుమారైనట్టు.

చెన్నై_రోడ్‌స్టర్
ఆదివారం బ్లాక్ ట్యాప్ విప్పాం. చుక్క రాలేదు. తీగ పెట్టి చాలాసేపు గెలికితే ముందు ఎర్రటి ముద్ద, తర్వాత నీళ్లు. నీళ్లు తేటగా వచ్చేదాకా పైపు పెట్టి కడిగి, టైమింగ్ కూడా సరిచేయించాం. నిన్న మిట్టమధ్యాహ్నం కోవళం దాకా వెళ్లొచ్చాను, ముల్లు మధ్యలోనే ఉంది. గిండీలో ఆగితే మాత్రం మళ్లీ ఎక్కింది, ఇదివరకటి కంటే ఆలస్యంగా.

పాత_ఇత్తడి
అయితే మీ రేడియేటర్‌కు ఢోకా లేదు, దాన్ని మార్చకండి. మిగిలింది గాలి ఒక్కటే, దానికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ మీ లూకాస్ సీ40 డైనమో ఇచ్చేదే గరిష్ఠంగా 22 ఆంపియర్లు, అదీ ఇంజిన్ వేగంగా తిరిగితే. ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాన్ అవసరం పడేది సరిగ్గా అప్పుడే. హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాన్ కలిసి బ్యాటరీని తాగేస్తాయి.

రోజూ_నడిపేవాణ్ణి
డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేసి నెగటివ్ ఎర్త్‌కు మార్చేయండి. ఎంజీ కంపెనీ కూడా 1967 చివర్లో ఆ మార్పే చేసింది.

పాత_ఇత్తడి
ముందు రిలే (ఫ్యాన్ కరెంటు భారం స్విచ్ మీద పడకుండా చూసేది), చేత్తో వేసే స్విచ్ పెట్టి, పగటిపూట సిగ్నళ్ల దగ్గర మాత్రమే ఫ్యాన్ వాడి చూడండి. రాత్రిళ్లు, వానల్లో కూడా ట్రాఫిక్‌లో తిప్పాల్సి వస్తేనే ఆల్టర్నేటర్ ఆలోచన.

చెన్నై_రోడ్‌స్టర్
ఫ్యాన్, రిలే తెప్పిస్తున్నాను. రేడియేటర్ ఉన్నదే ఉంటుంది, మూత 10 పీఎస్‌ఐదే. వైర్లు కలిపేటప్పుడు పక్కనే నిలబడి కాగితం పెట్టి చూస్తాను.